ఒకటికి మూడున్నర

నవంబరు 2, శనివారం. ఉదయం 6.15

జరిగినవి జరిగిన క్రమంలో:

1. పాత గీజరు అడుగు తుప్పు పట్టి కారడం మొదలుపెట్టింది. స్నానాల గది ముందు మడుగు కట్టింది. శ్రీమతి కాలు జారింది, పడలేదు.

2. శ్రీమతి "ఇంకో గీజరు తెచ్చి పడేయండి, పీడా వదిలిపోతుంది" అంది.

3. నేను తేలేదు. గ్రంథాలయంలో కొన్ని సాయంత్రాలు కూర్చుని నీళ్లు కాచే హీట్ పంప్ గురించి చదివాను. ఇది వేడిని పుట్టించదు. తానున్న గదిలోని గాలి నుంచి వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది, చల్లబడిన గాలిని తిరిగి గదిలోకే వదులుతుంది. ఫ్రిజ్‌ను తిరగేసినట్టు. కంపెనీ పుస్తకం ప్రకారం ఒక యూనిట్ కరెంటు ఇస్తే మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది.

4. ఈ సంగతి తోడల్లుడికి ఫోనులో చెప్పాను. ఆయన శ్రీమతి అక్కగారి భర్త, పట్టా పుచ్చుకున్న ఇంజనీరు. "తమ్ముడూ, ఒకటి వేసి మూడున్నర తీయడం పేకాటలోనే కుదరదు, నీళ్ల బిందెలో కుదురుతుందా?" అని నవ్వాడు. ఆ నవ్వు తరువాత వేరే ఆలోచనకు తావు లేదు.

5. స్థల నిర్ణయం. వంటగది: శ్రీమతి ఒప్పుకోలేదు. సామాన్ల గది: గాలి చాలదు. నా చదువు గది: అనుకూలం కాదు. అత్తగారి గది: అన్ని విధాలా అనుకూలం. స్నానాల గదిని ఆనుకునే ఉంది.

6. అత్తగారు ఆ గదిలోనే పడుకుంటారు, ఆ గదిలోనే చుట్టుపక్కల వారి బట్టలు కుడతారు. కనుక అనుమతి అడిగాను. "మీ ఇష్టం బాబూ. నా మిషను పట్టేంత చోటు మిగిలితే చాలు" అన్నారు. మిగిలింది. కొలిచి చూపించాను.

7. నిన్న బిగించారు.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. కానీ మందుల గోదాములో చల్లని గదుల ఉష్ణోగ్రతకు ఇన్నేళ్లుగా బాధ్యత వహిస్తున్నవాణ్ణి. కంపెనీ తన పరీక్షశాలలో సాధించినది ఒక సామాన్య గృహంలో సాధ్యమా అన్నది నిష్పాక్షికంగా పరిశీలిస్తాను. యంత్రానికి విడిగా మీటరు పెట్టించాను. నీళ్లకు ఒక థర్మామీటరు, అత్తగారి గది గోడకు ఒకటి.

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 4, సోమవారం. ఉదయం 6.10

నీళ్లు: మంచి వేడి. శబ్దం: ఫ్రిజ్ కంటే ఎక్కువ, మిక్సీ కంటే తక్కువ. అత్తగారు రాత్రి నిద్రపట్టిందన్నారు. "అలవాటైపోతుంది బాబూ, మీ మామగారి గురక కంటే నయం."

ఈ పోలికను పరిశీలనల్లో చేర్చడం సాధ్యం కాదు.

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 7, గురువారం. రాత్రి 9.10

సంఘటన. శ్రీమతి తలకు పోసుకుంటూ ఉండగా వేడినీళ్లు అయిపోయాయి. లోపలి నుంచి నన్ను పిలిచింది. పిలిచిన పద్ధతిని ఇక్కడ రాయను.

కారణం యంత్రం కాదు. హీట్ పంప్ నిదానంగా కాస్తుంది; ఒకరి తరువాత ఒకరు వ్యవధి ఇచ్చి స్నానం చేయాలి. స్నానాల పట్టిక తయారుచేసి తలుపుకు అంటించాను.

సాయంత్రానికి పట్టిక కింద శ్రీమతి చేతిరాత కనిపించింది: "మీరు పట్టిన కుందేటికి మూడున్నర కాళ్లు."

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 9, శనివారం. ఉదయం 6.20

వారపు సారాంశం. ఒకటికి రెండు. మూడున్నర కాదు, రెండు.

అత్తగారి గది పద్నాలుగు డిగ్రీలు. హాలు ఇరవై. పుస్తకంలో "గది కొద్దిగా చల్లబడవచ్చు" అని ఉంది. ఆరు డిగ్రీలు కొద్దిగా అవుతుందా కాదా అన్నది నిర్వచనానికి సంబంధించిన విషయం. పరవాలేదు అని రాసుకున్నాను.

అత్తగారు వేళ్ల కొనలు కత్తిరించిన ఉన్ని గ్లౌజులు తొడుక్కుని కుడుతున్నారు. వృత్తిలో కొత్త పద్ధతి కాబోలు. చలిగా ఉందా అని అడిగాను. "అబ్బే, నాకేం చలి బాబూ" అన్నారు. సూదిలో దారం ఎక్కించడానికి శ్రీమతిని పిలిచారు. కంటిచూపు పరీక్ష చేయించాలి.

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 10, ఆదివారం. సాయంత్రం 5.40

తోడల్లుడు ఫోను చేశాడు. "ఏమోయ్ సైంటిస్టూ, నీ మూడున్నర ఎంతదాకా వచ్చింది?"

"ఇంకా స్థిరపడుతోంది అన్నయ్యగారూ."

"యంత్రమా, నువ్వా?"

పట్టా ఉన్నవారికి హాస్యం కూడా పట్టాతో పాటే ఇస్తారు.

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 14, గురువారం. రాత్రి 9.10

అద్భుతం. గది ఇరవైరెండు డిగ్రీలు. యంత్రం: ఒకటికి మూడు.

పొరపాటేమోనని థర్మామీటరు మార్చాను. అదే. సాయంత్రం మళ్లీ తలుపు కొట్టి వెళ్లాను. ఇరవైరెండు.

— సంతకం, ఇంటిపేరుతో సహా

నవంబరు 16, శనివారం. ఉదయం 6.10

ఒకటికి మూడుంపావు. బయట చలి పెరిగింది, అయినా గది వెచ్చగా ఉంది. నా సిద్ధాంతం: గోడలు యంత్రానికి అలవాటుపడ్డాయి. ఇటువంటి విషయం పుస్తకాలలో ఎక్కడా లేదు. రాసేవారు ఇళ్లలో ఉండి రాయరు.

ఇతర పరిశీలనలు: గదిలో కాలిన దుమ్ము వాసన, కుట్టు మిషను మోటారుది. కుట్టు బల్ల కిందున్న గుడ్డల బుట్ట ముట్టుకుంటే వేడిగా ఉంది. ఉన్ని వేడిని నిలుపుకుంటుంది. నా చెప్పుల చప్పుడు వినగానే అత్తగారు బల్ల కిందికి వంగి ఏదో సర్దుకుంటున్నారు. శుభ్రత ఆమెకు సహజం.

గ్లౌజులు తీసేశారు.

ఈ ఫలితాలు శ్రీమతికి చదివి వినిపించాను. పప్పు డబ్బా మూత పెడుతూ నవ్వింది. ఎందుకని అడిగాను. "ఏం లేదు. చాలా బాగా రాశారు" అంది. పెళ్లయ్యాక నా రాతను మెచ్చుకోవడం ఇదే మొదలు.

— సంతకం

నవంబరు 17, ఆదివారం. సాయంత్రం

తోడల్లుడికి అంకెలు చదివాను. ఈసారి నవ్వలేదు. "మూడుంపావా? ఈ చలిలోనా? సరిగ్గా చూశావా?"

"విడి మీటరు అన్నయ్యగారూ. రోజూ రెండు పూటలు."

అటు నుంచి కాగితం తీసిన చప్పుడు. తరువాత "ఆ మోడలు నంబరు చెప్పు" అన్నాడు.

మోడలు నంబరు రెండుసార్లు చెప్పాను. మొదటిసారే విన్నాడని తెలుసు.

— సంతకం

నవంబరు 28, గురువారం. ఉదయం

కరెంటు బిల్లు వచ్చింది. ఇల్లు మొత్తం వాడకం పాత గీజరు ఉన్న రోజుల కంటే ఎక్కువ. ఇది అసాధ్యం. యంత్రం విడి మీటరు ప్రకారం ఎంతో ఆదా చేసింది. ఆ ఆదాను ఇంట్లో ఎవరో, లేదా ఏదో, తినేస్తున్నారు.

అనుమానితులు: ఫ్రిజ్ (వయసు పైబడింది). ఇస్త్రీ పెట్టె. శ్రీమతి టీవీ.

— సంతకం

నవంబరు 30, శనివారం

విచారణ జరిపాను. భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. ఎవరు ఏయే పరికరం ఎంతసేపు వాడుతున్నారో దాచకుండా చెప్పమన్నాను. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదని, కేవలం దొంగను పట్టుకోవాలని చెప్పాను.

శ్రీమతి: "దొంగ మీ పక్కనే చల్లగా కూర్చుని నీళ్లు కాస్తోంది. దాన్ని అడగండి."

"దాని లెక్క నా దగ్గర ఉంది. మిగతావారి లెక్కే లేదు."

అత్తగారు తలవంచుకుని చీర కొంగు మడతపెడుతూ కూర్చున్నారు. "నా మిషను కూడా కరెంటుదే కదా బాబూ" అన్నారు. మిషను వాడకం లెక్కలోకి రానంత తక్కువని, ఆమె ఏ విధంగానూ బాధ్యులు కారని వివరించాను. వివరిస్తున్నకొద్దీ ఆమె ముఖం చిన్నబోయింది. నా వివరణలో ఎక్కడా కాఠిన్యం లేదు.

రేపు ఒక్కొక్క స్విచ్చూ ఆపి మీటరు చూస్తానని ప్రకటించి సభ ముగించాను.

— సం.

డిసెంబరు 1, ఆదివారం

స్విచ్చుల పరీక్ష జరగలేదు. అత్తగారు పొద్దున్నే పెద్ద కూతురింటికి బయలుదేరారు. "నాలుగు రోజులు ఉండి వస్తాను బాబూ, పెద్దది ఎప్పటినుంచో పిలుస్తోంది." తోడల్లుడు కారు పంపాడు.

కుట్టు మిషను కూడా కారులో పెట్టించారు. నాలుగు రోజులకు మిషను ఎందుకో.

శ్రీమతి నాతో అవసరమైనంత మేరకే మాట్లాడుతోంది. ఉదాహరణకు: "అన్నం." "తలుపు." "ఊఁ."

డిసెంబరు 5, గురువారం

ఒకటికి రెండు కంటే తక్కువ. గది పన్నెండు డిగ్రీలు. యంత్రంలో అత్యవసరానికి పెట్టిన మామూలు కాయిల్ దానంతటదే వెలుగుతోంది. అంటే యంత్రం చేతులెత్తేసి గీజరులా పనిచేస్తోంది.

గోడలు అలవాటు తప్పాయా?

డిసెంబరు 7, శనివారం

మెకానిక్కు వచ్చాడు. ఫిల్టరు చూశాడు, ఫ్యాను చూశాడు, గ్యాసు చూశాడు. మూడూ బాగున్నాయన్నాడు. తరువాత నిలబడి గదిని చూశాడు.

"ఈ గదిలో ఇదివరకు ఏముండేది సార్?"

"మా అత్తగారు ఉండేవారు."

"ఆవిడ ఉన్నప్పుడు బాగా పనిచేసిందా?"

"బ్రహ్మాండంగా పనిచేసింది."

"ఇంకేం, ఆవిణ్ణి పిలిపించండి. గ్యాసు నింపమంటే నింపుతాను గానీ అత్తగారిని నింపలేను కదా" అన్నాడు. వంటగదిలో గిన్నె కింద పడింది. శ్రీమతి చేతిలోంచి గిన్నెలు సాధారణంగా పడవు.

వెళ్తూ వెళ్తూ మెకానిక్కు, గాలికి వేడి ఎక్కడినుంచైనా రావాలి, ఊరికే రాదు అన్నాడు. ఈ విషయం నాకు తెలియదనుకున్నాడు.

డిసెంబరు 8, ఆదివారం

మనిషి దేహం కూర్చున్నచోట ఒక పాతకాలపు పెద్ద బల్బంత వేడి ఇస్తుందని చదివాను. అత్తగారి విషయంలో లెక్క కట్టాను. చాలడం లేదు. అత్తగారు సన్నని మనిషి. కుట్టే సమయంలో మామూలు మనిషికి పదిరెట్లు వేడి ఇస్తారని అనుకుంటే సరిపోతుంది.

ఈ లెక్క శ్రీమతికి చూపించాను.

ఆమె కాగితం పూర్తిగా చదివింది. నన్ను చూసింది. చేయి పట్టుకుని అత్తగారి గదిలోకి తీసుకువెళ్లి, కుట్టు బల్ల కింద ఖాళీగా ఉన్న చోటు చూపించింది. నేల మీద చదరపు గుర్తు ఉంది, గోధుమరంగులో.

"ఇక్కడ రూమ్ హీటరు ఉండేది. నేనే కొనిచ్చాను. అమ్మ వేళ్లు కొయ్యబారిపోయి సూది పట్టుకోలేకపోతుంటే ఏడుపొచ్చి కొన్నాను. తెల్లవారుజాము నుంచీ వేసుకునేది, మీరొస్తున్న చప్పుడవగానే ఆపేసేది."

"నాకు చెప్పవచ్చు కదా."

"చెప్పొద్దంది. 'అల్లుడుగారు అంత ముచ్చటపడి పెట్టుకున్నారు, చిన్నబుచ్చుకుంటారు, ఊరుకోవే' అంది. మీరేమో దొంగను పట్టుకుంటానని పంచాయితీ పెట్టారు. తనేదో మీ ఇల్లు దోచుకుంటున్నట్టు మూట సర్దుకుని పోయింది. చాలా? రాసుకోండి, పోయి రాసుకోండి!"

రాస్తున్నాను.

అంటే: హీటరు కరెంటును వేడిగా మార్చి గదికి ఇచ్చింది. యంత్రం ఆ వేడిని గది నుంచి లాగి నీళ్లకు ఇచ్చింది. నేను యంత్రం మీటరు మాత్రమే చూసి మెచ్చుకున్నాను. మధ్యలో ఉన్న మనిషికి ఎంత మిగిలిందో కొలవలేదు.

డిసెంబరు 9

గోదాములో ఈరోజు చల్లని గదులన్నీ సరైన ఉష్ణోగ్రతలో ఉన్నాయి. గదులను చల్లగా ఉంచడం నాకు చేతనవును.

డిసెంబరు 11

తోడల్లుడు ఫోను చేశాడు. గొంతులో మునుపెన్నడూ లేని మర్యాద.

"తమ్ముడూ, నీ మాట మీద నేనూ ఆ మోడలే చెప్పేశాను. శనివారం వచ్చి బిగిస్తారు. ఒప్పుకుంటున్నా, నా చదువు కంటే నీ పట్టుదల గొప్పది."

ఇరవై ఏళ్లుగా ఈ వాక్యం కోసం ఎదురుచూశాను. వచ్చింది.

"ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాను.

"ఇంకెక్కడ, అత్తయ్యగారి గదిలో. చప్పుడు మన చెవిన పడదు. అడిగాను కూడా. మీ ఇష్టం బాబూ అన్నారు."

"అలాగే" అని ఫోను పెట్టేశాను.

అలాగే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

తెలుసు. ఆ వాక్యాన్ని ఇంకొక పూట ఉంచుకుందామని.

డిసెంబరు 12

తోడల్లుడింటికి ఫోను చేయాలి. చేయలేదు. ఫోనులో చెప్పే విషయం కాదు.

కాదా?

డిసెంబరు 13

శ్రీమతికి మొత్తం చెప్పాను. శనివారం సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. చెప్పులు వేసుకుంది. "పదండి."

బస్సులో చెప్పవలసిన అంశాలు వేళ్ల మీద వరుస పెట్టుకున్నాను. దిగేటప్పటికి వరుస పోయింది.

అత్తగారి గదిలోనే అందరూ ఉన్నారు. గోడ మీద పెన్సిలు గీతలు: యంత్రం వచ్చే చోటు. వాటి పక్కనే అత్తగారు, మిషను ముందు, శాలువా కప్పుకుని. యంత్రం ఇంకా రాలేదు. శాలువా ముందే వచ్చేసింది.

"రావయ్యా సైంటిస్టూ! బిగించేటప్పుడు దగ్గరుండి చూస్తావని అనుకుంటూనే ఉన్నా" అన్నాడు తోడల్లుడు.

"అన్నయ్యగారూ, నేను చెప్పిన అంకెలు తప్పు."

"తప్పేంటి?"

"మూడుంపావు యంత్రానిది కాదు. అందులో సగం అత్తయ్యగారిది."

అందరూ నా వైపు చూశారు. రూమ్ హీటరు సంగతి చెప్పాను. పన్నెండు డిగ్రీల సంగతి చెప్పాను. గోడల సిద్ధాంతం కూడా చెప్పాను, అడగకపోయినా. తోడల్లుడు మొదట నోరు తెరిచాడు, తరువాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అత్తయ్యగారి మీద నడిచే యంత్రమా! పేటెంటు తీసుకో తమ్ముడూ, పేటెంటు!" నవ్వనిచ్చాను. ఆయనకు అంత బాకీ ఉన్నాను.

నవ్వు ఆగాక, "అయితే రద్దు చేసుకోమంటావా?" అన్నాడు.

"అక్కర్లేదు. పెద్ద గదిలో, గాలి ఆడే చోట ఒకటికి రెండున్నర దాకా ఇస్తుంది. మీ హాలులో పెట్టండి. లేదా మీ పడకగదిలో."

"మా పడకగదిలోనా! గుర్రుమంటూ అది రాత్రంతా..." అన్నారు వదినగారు. అని, తల్లి వైపు చూసి, మధ్యలోనే ఆగిపోయారు. తోడల్లుడు గోడ మీది పెన్సిలు గీతలను బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు.

అత్తగారు కల్పించుకున్నారు. "ఎందుకు బాబూ నా గురించి ఇంత గొడవ? నాకెక్కడైనా ఒకటే."

"ఒకటి కాదండీ. నేను కొలిచాను."

ఆమె మిషను చక్రం మీద చేయి పెట్టి ఆగారు.

"కొలిచి, పరవాలేదని కూడా రాసుకున్నాను. మా ఇంటికి రండి అత్తయ్యగారూ. యంత్రం ఆ గదిలోనే ఉంటుంది, మీరు ఉండరు. నా చదువు గది మీకు. ఎండ వస్తుంది. నేను యంత్రం పక్కకు మారతాను."

శ్రీమతి నా ముఖంలోకి చూసింది. ఎక్కడైనా పగులు ఉందేమోనని కుండను చూసినట్టు.

"మరి బిల్లు?" అన్నారు అత్తగారు, చాలా మెల్లగా.

"బిల్లు నా ముచ్చటది. మీది కాదు."

ఆమె కుడుతున్న అంచు చివరిదాకా కుట్టారు. దారం పంటితో తెంపారు. తరువాత మిషను మీద మూత దించి, "పట్టుకోండి బాబూ, బరువు" అన్నారు.

బరువే.

డిసెంబరు 15

యంత్రం గదికి నేను మారాను. తలుపు తీసి ఉంచి హాలులోని గాలి తగలనిస్తే ఒకటికి రెండు, ఆపైన కొంచెం. మూసుకుంటే అంతకూ తక్కువ. ఒక సామాన్య గృహంలో వాస్తవ ఫలితం ఇది. పాత గీజరు కంటే మేలే. మూడున్నర కాదు. హాలు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడింది. శ్రీమతి స్వెటరు వేసుకుని టీవీ చూస్తూ, "గోదాము ఉద్యోగం ఇంటికి తెచ్చుకున్నారు" అంది. పూర్తి వాక్యం. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

చదువు గది ఖాళీ చేయడానికి మధ్యాహ్నం అంతా పట్టింది. కుర్చీ, బల్ల, దీపం మార్చాను. చివరికి ఫైళ్లు మిగిలాయి: ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇంటా బయటా నేను నమోదు చేసినవన్నీ, గోడ పొడవునా, నేల నుంచి నా భుజం ఎత్తు దాకా. మొదటి కట్ట చంకన పెట్టుకుంటుంటే అత్తగారు చేయి అడ్డం పెట్టారు.

"అవి తీయకండి బాబూ."

నాకు సంతోషం కలిగిన మాట వాస్తవం. "చదువుతారా?" అని అడిగాను.

"చదవడానికి కాదు. అది బయటి గోడ కదా, చలంతా అటునుంచే వస్తుంది. ఇలా ఎత్తుగా పేర్చి ఉంచితే గది భలే వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టి చూడండి."

చెయ్యి పెట్టి చూశాను. గోడ వైపు చల్లగా, ఆమె వైపు వెచ్చగా ఉంది.

"అందులో ఇరవై రెండేళ్ల వివరాలు ఉన్నాయండీ" అన్నాను.

"అవునా? అందుకే మందంగా ఉన్నాయి" అని, ఆమె సూదిలో దారం ఎక్కించుకున్నారు. ఎవరినీ పిలవలేదు.